నా చేతి వేడి

నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలంలోనే మా అత్తమ్మ నా చేతికి ఒక పేరు పెట్టేసింది. ఆ ఏడు మా అత్తగారి ఊరు అత్వెల్లిలో ఇంటిల్లిపాదీ కూర్చుని మామిడికాయ తొక్కు పెడుతున్నారు. కొత్త కోడలిని కదా, నలుగురిలో మంచి అనిపించుకుందామని నేనే ముందుకురికి జాడీలో చెయ్యి పెట్టి కలిపాను. వానలు పడగానే తొక్కు మీద తెల్లగా బూజు తేలింది. "నీ చెయ్యి వేడే. తొక్కు నీకు అచ్చిరాదు. నువ్వు దూరముండు," అని తేల్చేసింది అత్తమ్మ. జాడీ సరిగ్గా ఆరలేదని నేను ఎంత మొత్తుకున్నా వినేవాళ్లెవరు? ఆ తర్వాత పాలు విరిగినా, పెరుగు పులిసినా నా చేతి మీదికే వచ్చేది. నాకసలే ముక్కు మీద కోపం. ఆ కోపానికి కూడా అదే కారణమని మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. చెయ్యి వేడి, నోరు వేడి, మనిషంతా వేడే.

నవ్వుకుని ఊరుకునే సంగతే ఇది. కానీ ఏళ్లు గడిచాక, నలభై దాటిన వయసులో నేను మేడ్చల్‌లో ఒక ల్యాబులో పనికి చేరినప్పుడు ఈ వేడే నా వెంటపడింది. ఇంకాస్తయితే ఆ పని పోగొట్టేది.

మా పుట్టిల్లు శామీర్‌పేట పక్కన. నా చిన్నప్పుడు ఆ వైపంతా ద్రాక్షతోటలు. మా బాపుకూ ఒక తోట ఉండేది. తీగలకు తెగులు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవారు. నీలంగా మెరిసే ఆ పలుకులను పీపాలో వేస్తే నీళ్లన్నీ నీలమయ్యేవి. నేను డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకోవడానికి ఆ పీపాయే కారణమని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాను గానీ, నిజానికి మా కాలేజీలో ఆడపిల్లలు ఎక్కువమంది ఉన్నది ఆ గ్రూపులోనే. డిగ్రీ పూర్తయిన ఏడే పెళ్లి చేసేశారు. తర్వాత తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. మా అత్తగారి పొలం కూడా రోడ్డు పక్కదే కావడంతో అదే దారి పట్టింది. మా ఆయన ఆ వ్యాపారంలో దిగాడు, నాయకుల వెంట తిరగడం మొదలుపెట్టాడు, రేపోమాపో తానూ ఓట్లలో నిలబడాలని చూస్తున్నాడు. ఇంట్లో దేనికీ లోటు లేదు. పిల్లలు పొద్దున్నే బస్సెక్కి దుండిగల్ వైపు కాలేజీలకు వెళ్లిపోయాక మాత్రం ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. టీవీ పెడితే చిరాకు, తీసేస్తే ఇంకా చిరాకు.

అట్లాంటి రోజుల్లో డిగ్రీలో నాతో చదివిన ఒకామె ఫోన్ చేసి, మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ల్యాబు ఉందని, అక్కడ కెమిస్టు కావాలంటున్నారని చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు, అంత గాబరా. రాత్రి అందరికీ వడ్డిస్తూ మాట బయటపెట్టాను.

"మేడ్చల్ల ల్యాబుల కెమిస్టు కావాల్నట. నేను పోత."

మా ఆయన ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆపేశాడు. "రేపు ఓట్లల్ల నిలవడేటోని పెండ్లాం ఫ్యాక్టరీల సీసాలు కడుగుతదా? నలుగురు ఏమనుకుంటరు?"

"ఆ నలుగురిని తోల్కరా. నేనే అడుగుత ఏమనుకుంటరో."

"సూడే అమ్మా, ఎట్ల మాట్లాడుతాందో!"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "మనకేం తక్కువైందే?"

"తక్కువై కాదు అత్తమ్మా. సదివిన సదువు అటకెక్కింది. నాకు పొద్దు పోతలేదు. నేను దేనికన్న పనికొస్తనా రానా, ఒక్కపారి సూసుకుంట."

ఆ ఆఖరి మాట అనుకుని అన్నది కాదు, లోపలినుంచి దానంతటదే వచ్చేసింది. అత్తమ్మ పళ్లెంలో అన్నం కలుపుతూ కూర్చుంది. ఆమె మాట్లాడకపోతే మా ఇంట్లో ఎవరూ మజ్జిగ కూడా అడగరు.

"సరే. ఒక్క నెల పో," అంది చివరికి. "వాళ్లు ఉంచుకుంటే నీ ఇష్టం. ఉంచుకోకుంటే మట్టుకు ఇగ గీ ఉద్యోగం ముచ్చట నా ముంగట తేవద్దు. ఆడ వద్దు, ఈడ వద్దు, ఎక్కడొద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

ఆ ల్యాబు ఒక షెడ్డు. రంగుల కంపెనీలు, పొడుల కంపెనీలు, పురుగుమందుల వాళ్లు తమ సరుకులోంచి కాస్త తెచ్చి అక్కడ పరీక్ష చేయించుకుంటారు. నడిపేది ఒక మేడం. ఎక్కడో పెద్ద కంపెనీలో పనిచేసి రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఇది పెట్టుకున్నారు. నూలు చీర, కాళ్లకు రబ్బరు చెప్పులు, మాట తక్కువ. ఆమె కింద ఒక కుర్ర కెమిస్టు, రోజూ పేట్ బషీరాబాద్ నుంచి బండి మీద వచ్చేవాడు. నాకన్నా ఎంతో చిన్నవాడే అయినా అక్కడ నాకు సీనియరు. మొదటిరోజే నన్ను అక్కా అనేశాడు, నేను తమ్మీ అనేశాను.

నేను సర్టిఫికెట్లున్న కవరు తీయబోతే మేడం వద్దన్నారు. "అవన్నీ ఎందుకమ్మా? నాకు నీ చెయ్యి చూడాలి."

నేను నిజంగానే అరచెయ్యి చాపాను, జాతకం చూపించుకునేదానిలాగా. తమ్ముడు కిసుక్కుమన్నాడు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. పనితనం చూడాలని ఆమె అంటే, నేను చేతి గీతలనుకున్నాను.

కొత్తవాళ్లకు మేడం పెట్టే పరీక్ష ఒక్కటే. మైలుతుత్తం సాపేక్ష సాంద్రత కనుక్కోవాలి. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది, తొమ్మిదో తరగతి పిల్లలు చదివేదే. ఒక వస్తువు, తాను పట్టేంత జాగాలో పట్టే నీళ్లకన్నా ఎన్ని రెట్లు బరువుందో చెప్పే అంకె అది. దానికొక చిన్న గాజు సీసా ఉంటుంది, సీసాకు గాజు మూత, మూత మధ్యలో సూదంత రంధ్రం. సీసాను ఖాళీగా తూచాలి, లోపల మైలుతుత్తం వేసి తూచాలి, దాని మీద నిండా ద్రవం పోసి తూచాలి, మైలుతుత్తం తీసేసి ఉత్త ద్రవంతో తూచాలి. ఈ నాలుగు తూకాల్లోంచి లెక్క వస్తుంది. మైలుతుత్తం నీళ్లలో కరిగిపోతుంది కనుక నీళ్లకు బదులు కిరసనాయిలు పోసి, చివర్లో ఆ తేడాకు లెక్క సరిచేసుకుంటాం. మూత పెట్టగానే ఎక్కువైన కిరసనాయిలు రంధ్రంలోంచి పైకి వస్తుంది. దాన్ని తుడిచేస్తే సీసా సరిగ్గా నిండినట్టు.

జవాబు రెండు పాయింట్ రెండు ఎనిమిది దగ్గరికి రావాలి. అదేం దాచిపెట్టిన సంగతి కాదు. పుస్తకాల్లో ఉంది, ఫోన్లో కొడితే వస్తుంది.

"తెలిసిన జవాబుకు మళ్ల పరీక్ష ఏంది మేడం?" అని అడిగాను. నోరు ఊరుకోదు కదా.

"తెలిసిన జవాబే నీ చేతికి రాకపోతే, తెలియనిది నిన్ను నమ్మి ఎట్లా ఇస్తాను?" అన్నారామె. "ముందు ఇది కుదరనీ. నెలాఖరుకు పేరు చెప్పకుండా ఇంకోటి ఇస్తాను. అదీ కుదిరితే ఉంటావు. లేకపోతే అడుగుతున్న పిల్లలు ఇంకా ఉన్నారు."

నాకు ఉత్సాహం పట్టరానంత వచ్చింది. ఇంతేనా, ఇదెంత పని అనుకున్నాను. ముందు ఇసుక ఇచ్చారు, నీళ్లతో చేశాను, బాగానే వచ్చింది. తర్వాత మైలుతుత్తం, కిరసనాయిలు ఇచ్చారు. రెండు పాయింట్ ఒకటి తొమ్మిది వచ్చింది. మళ్లీ చేస్తే ఇంకా తగ్గింది. మర్నాడు కాస్త పెరిగి ఆశపెట్టి, సాయంత్రానికి మళ్లీ పడిపోయింది. ఎన్నిసార్లు చేసినా తక్కువే తప్ప, ఒక్కసారంటే ఒక్కసారి అది రావాల్సినంత రాలేదు.

అజాగ్రత్త అనుకోవడానికి లేదు. నేనెంత శ్రద్ధగా చేసేదాన్నో నాకు తెలుసు. మైలుతుత్తం పలుకుల సందుల్లో గాలి బుడగలు చిక్కుకుంటాయి, అవి పోకపోతే లెక్క తప్పుతుంది. అందుకని సీసాను ఎడమ అరచేతిలో పెట్టుకుని, చంటిపిల్లకు తేన్పు తెప్పించినట్టు, కుడిచేత్తో మెల్లగా తట్టేదాన్ని. ఒక్క బుడగ కనిపించినా వదిలేదాన్ని కాదు. అంతా అయ్యాక మూత పెట్టి, తుడిచి, తూకానికి తీసుకుపోయేదాన్ని. ఇంత చేస్తే నా ముఖాన తప్పు అంకె!

తమ్ముడు చేస్తే మాత్రం సరిగ్గా వచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు అతను నా పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను మూత పెట్టి తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ ఒక బొట్టు ఉబికింది. మళ్లీ తుడిచాను, మళ్లీ ఉబికింది.

"అబ్బో, ఏందక్కా గిది! చేతిల పొయ్యిగిట్ల పెట్టుకున్నరా? కిరసనాయిలు ఎట్ల పొంగుతాందో సూడుండ్రి!"

సరదాకే అన్నాడు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఆ మాట ఇంట్లో విని విని చెవులు దిబ్బడలు పడ్డాయి. ఇక్కడ కూడా అదేనా?

మేడం తన బల్ల దగ్గరినుంచి తల ఎత్తకుండానే అన్నారు. "అవునమ్మా. వేడి తగిలితే కిరసనాయిలు ఉబ్బుతుంది, నీళ్లకన్నా చాలా ఎక్కువ. నువ్వు తుడిచేస్తున్నది లోపల ఉండాల్సిందే. నీ చెయ్యి చూసుకో."

చెయ్యి చూసుకో! మొదటిరోజు ఆ మాట తప్పుగా అర్థం చేసుకుని నవ్వులపాలైనదాన్ని, రెండోసారి ఇంకా ఘోరంగా చేసుకున్నాను. సీసాను పట్టుకునే తీరు చూసుకోమని ఆమె చెప్పారు. నా చేతిలోనే ఏదో లోపముందని నేను విన్నాను. అంతేనన్నమాట, అత్తమ్మ అన్నదే నిజం, చదువు కూడా అదే చెబుతోంది అనుకున్నాను. షేర్ ఆటోలో అత్వెల్లి వచ్చేదాకా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను. నెల దగ్గర పడుతోంది. ఉంచుకోకపోతే ఆ ఇంట్లో మళ్లీ నోరెత్తే హక్కు నాకు లేదు.

ఇంటికొచ్చి గిన్నెలు దబదబా కడుగుతుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది.

"గా గిన్నెలేం పాపం చేసినయే? ఏమైంది?"

చెప్పకూడదనుకున్నాను. కానీ అడిగిన తీరుకో, నా అలసటకో, మొత్తం కక్కేశాను. సీసా, కిరసనాయిలు, తగ్గే అంకె, పొయ్యి పెట్టుకున్నావా అన్న మాట, అంతా. "నువ్వు చెప్పిందే అత్తమ్మా. నా చెయ్యి వేడే. నాకు ఏదీ అచ్చిరాదు."

చూసావా అంటుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"నా కోడలి చెయ్యి వేడి అనుటానికి వాడెవ్వడు? అంటే నేననాలె. బయటోళ్లు అంటే ఊకుంటమా?" కొంగు నడుముకు దోపింది. "వేడైతే చలువ చేసుకుంటం. గదెంత పని!"

ఆ సాయంత్రం నుంచి నాకు చలువ వైద్యం మొదలైంది. పరగడుపున సబ్జా గింజల నీళ్లు. పదిగంటలకు తాగమని సీసాలో పోసిన పల్చటి సల్ల. తలకు ఆముదం. ఆ ఆముదం జిడ్డుతో, ఆ వాసనతో నేను ల్యాబుకు పోతే తమ్ముడు ఏమీ అనలేదు గానీ, కిటికీ తెరిచాడు. అంకె మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

ఆషాఢం నడుస్తోంది. ఇక ఆఖరి మందు అన్నట్టు అత్తమ్మ ఎవరి పెరట్లోంచో గోరింటాకు దూసుకొచ్చింది. మిక్సీలో వేస్తానంటే వద్దంది, మిక్సీ తిరిగితే ఆకు వేడెక్కుతుందట. మోకాళ్ల నొప్పులతో రోటి ముందు కూర్చుని తనే రుబ్బింది. రెండు అరచేతులకూ వేళ్ల చివరలదాకా మందంగా పట్టించి, "చలువ లోపలికి గుంజాలె. తీయకు," అని కూర్చోబెట్టింది. అన్నం వేళైంది. నా చేతులు రెండూ పనికిరావు. ఆమె పళ్లెంలో పప్పన్నం కలిపి నా ముందు పీట వేసుకుంది.

"నోరు తెరువ్."

"నేను తర్వాత తింట అత్తమ్మా."

"తెరువ్ అంటున్న."

తెరిచాను. మా పెళ్లయ్యాక ఆమె నాకు ముద్దలు పెట్టడం అదే మొదటిసారి. మా ఆయన లోపలికొచ్చి మమ్మల్ని చూసి, ఏమనాలో తెలియక, ఫోను చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది. ఆ ముద్దల మధ్య ఆమె ఏదో ఒకటి అంటూనే ఉంది. ఆ మేడం ఎట్లా ఉంటుంది, తింటుందా లేదా, పిల్లలున్నారా, అంత పెద్ద మనిషి నా కోడలికి ఒక సీసా పట్టుకోవడం నేర్పలేదా అని.

తెల్లారేసరికి అరచేతులు మందారాల్లా పండాయి. నిజంగానే చల్లగా అనిపించాయి. ఆ ధైర్యంతో ల్యాబుకు పోయి, బుడగలు పోయేదాకా ఎప్పటికన్నా ఎక్కువసేపు తట్టి, తూచాను.

రెండు పాయింట్ ఒకటి నాలుగు. ఇన్నాళ్లలో అంత తక్కువ ఎప్పుడూ రాలేదు.

నా ఎర్రటి చేతులు చూసి తమ్ముడు, "పెండ్లి గిట్ల ఉన్నదా అక్కా ఇంట్ల?" అన్నాడు. అంతే, నాలో ఏదో పుటుక్కున తెగింది.

"పెండ్లి కాదు, నా పిండం! చలువ కోసం పెట్టుకున్న. నా చెయ్యి వేడన్నవు కదా. సబ్జాలు తాగిన, ఆముదం పెట్టుకున్న, ముసలామెతోని గోరింటాకు రుబ్బిచ్చిన! ఇంకేం చెయ్యాల్నో నువ్వే చెప్పు!"

మేడం లేచి వచ్చారు. నా అరచేతులు పట్టుకుని చూశారు. పెదవులు బిగించారు, ఆపుకోలేకపోయారు, కళ్లజోడు తీసి మరీ నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"ఎంత పనిచేశావమ్మా!" అని, అల్మారాలోంచి థర్మామీటరు తీసి నా చేతికిచ్చారు. "పట్టుకో. పిడికిలి బిగించు."

పట్టుకున్నాను. ఆమె చూసుకుని తానూ పట్టుకున్నారు. తర్వాత తమ్ముడికిచ్చారు. ముగ్గురిలో ఎక్కువ వచ్చింది ఎవరికనుకున్నారు? తమ్ముడికి! నాదీ మేడందీ ఇంచుమించు ఒకటే. అతను ఇంకోసారి పట్టుకుంటానన్నాడు. ఇంకోసారీ అంతే.

"చల్లటి చెయ్యి బతికున్న మనిషికి ఉండదమ్మా," అన్నారు మేడం. "నీకు రావాల్సింది చలువ కాదు. ఏది రావాలో నువ్వే చూడు."

నేను కన్నీళ్లు తుడుచుకుని, ఇన్నాళ్లూ చెయ్యని పనొకటి చేశాను. నా సీసా పక్కన పెట్టి, తమ్ముడు చేస్తుంటే మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూశాను.

అతను మైలుతుత్తం వేశాడు. కిరసనాయిలు కొంత పోశాడు. సీసాను బల్ల మీద మడతపెట్టిన గుడ్డ మీద పెట్టి, అడుగును రెండుసార్లు తాటించి, ఎప్పుడూ ఒకే వేడిలో ఉండే నీళ్ల తొట్టిలో దించేసి టీ తాగడానికి పోయాడు. బుడగల్ని బతిమాలలేదు, లాలించలేదు. అతను టీ తాగి, ఫోనులో ఎవరితోనో క్రికెట్ ముచ్చట పెట్టుకుని వచ్చేసరికి బుడగలు వాటంతటవే పైకి తేలిపోయాయి. నిండా పోసి, మూత పెట్టి, తుడిచి, సీసా మెడను రెండు వేళ్ల మధ్య గుడ్డతో పట్టుకుని తూకంలో పెట్టేశాడు. ఆ మొత్తంలో సీసా పొట్టకు అతని చెయ్యి తగలనే లేదు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతని బద్ధకానికి సరైన జవాబు, నా శ్రద్ధకు తప్పు జవాబు! ఉత్త కిరసనాయిలు తూచేటప్పుడు బుడగలుండవు కాబట్టి నేనూ సీసాను పట్టుకునేదాన్ని కాదు, ఆ తూకం బాగానే వచ్చేది. మైలుతుత్తం ఉన్నప్పుడు మాత్రం అరచేతిలో పెట్టుకుని జోకొట్టేదాన్ని. ఎంత ప్రేమగా తడితే అంత వేడెక్కేది, ఎంత వేడెక్కితే అంత కిరసనాయిలు బయటికి పోయేది. వంటింట్లో గిన్నె వేడి మన చేతికి తగలకుండా మసిగుడ్డ పట్టుకుంటాం. ఇక్కడ మన వేడి సీసాకు తగలకుండా పట్టుకోవాలి. అంతే సంగతి. నీళ్ల తొట్టి మొదటినుంచీ అక్కడే ఉంది, మేడం చెప్పనూ చెప్పారు. నేను వినాల్సింది వినకుండా, ఇంట్లో విన్నదాన్నే మళ్లీ విన్నాను.

ఆ మధ్యాహ్నం సీసాను తొట్టిలో దించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ముట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో! బుడగ ఒకటి పలుకుకు అంటుకుని ఊగుతుంటే నా వేళ్లు దురద పెట్టాయి. అయినా కదల్లేదు. తూచి, లెక్క కట్టాను. రెండు పాయింట్ రెండు ఏడు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ చేశాను. రెండు పాయింట్ రెండు ఎనిమిది. "వచ్చింది తమ్మీ!" అని అరిచిన అరుపుకు పక్క షెడ్డు వాచ్‌మన్ తొంగి చూశాడు. "పార్టీ అక్కా," అన్నాడు తమ్ముడు. వాడి మీద నాకున్న కోపమంతా అప్పుడే పోయింది.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. అసలు పరీక్ష ముందుంది. చెప్పి, తర్వాత అది పోతే ఆమె ముఖం చూడలేను. గోరింటాకు పనిచేసిందా అని అత్తమ్మ అడిగితే, "సూద్దాం," అన్నాను.

నెలాఖరున మేడం ఒక చిన్న డబ్బాలో తెల్లటి పలుకులు ఇచ్చారు. పటిక కావచ్చు, ఎరువు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. "నీళ్లలో కరుగుతుంది. అంతకుమించి చెప్పను. నేను నిన్న చేశాను, నా దగ్గర అంకె ఉంది. నీది తీసుకురా."

ఆ రోజు నా చేతులు వణికాయి. చేతులు వణికితే వణకనీ, సీసా వాటిలో లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తొట్టి, గుడ్డ, మెడ దగ్గర రెండు వేళ్లు. మొదటిసారి చేసినదాని మీద నమ్మకం కుదరక రెండోసారి చేశాను. అదే వచ్చింది. మేడం ముందు నిలబడి చెప్పాను. "ఒకటి పాయింట్ ఏడు ఆరు."

ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. "ఖాయమేనా? మార్చుకుంటావా?"

ఈ మాట ఎందుకన్నారు? తప్పిందా? కానీ అది నా సీసాలోంచి వచ్చిన అంకె, రెండుసార్లు వచ్చింది. "మార్చుకోను మేడం. వచ్చింది గదే."

"నాకు ఒకటి పాయింట్ ఏడు ఏడు వచ్చింది," అన్నారామె. "ఆ మాత్రం తేడా ఇద్దరు మనుషుల మధ్య ఉంటుంది. సోమవారం నుంచి రిపోర్టుల మీద నువ్వే సంతకం పెట్టు."

ఏదో ఒకటి అనాలి కదా, థాంక్సో, దండమో. తల మాత్రం ఊపి, బయటికొచ్చి, షెడ్డు మెట్ల మీద కూర్చున్నాను. సన్నగా తుంపర పడుతోంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఫోను తీసి అత్తమ్మకు చేశాను. ఎత్తింది. ఆమె గొంతు వినపడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మాట ఒక్కటి బయటికి రాదు, ఎక్కిళ్లు తప్ప.

"ఏమైందే? మాట్లాడు. ఉంచుకున్నరా లేదా?"

ఎక్కిళ్లు.

ఆమె అందుకుంది.

"గంతేనా! ఉంచుకోకుంటే పోయింది తియ్, వాళ్లకే నసీబు లేదు. నువ్వు ఏడ్వకు. ఇగో, ఇటిను. గదొక్కటేనా ఉన్నది లోకంల? శామీర్‌పేట దిక్కు మస్తు కంపెనీలున్నయి. రేపే వానికి చెప్త, కారు తీసి నిన్ను అన్నిటికాడ తిప్పుమని. వాని ఓట్లు గీట్లు తర్వాత! ఈడ గాకుంటే ఆడ, ఆడ గాకుంటే ఇంకోతాన. ముచ్చట తేవద్దని నేను అన్ననా? అంటే అన్న, ఏదో నోటికొచ్చి అన్న, గది పట్టుకొని కూసుంటవా? నా కోడలు పనికిరాదనేటోడు ఇంక పుట్టలే. విన్నవా? కండ్లు తుడుసుకో. వింటున్నవా?"

వింటున్నాను. ఉంచుకున్నారని చెబితే ఆమె ఎక్కడ ఆపేస్తుందోనని, ఇంకాసేపు ఏడుస్తూనే ఉన్నాను.